పుష్యంలో పొదిగే పెట్ట

చింతపల్లి దాటి లంబసింగి వైపు ఎక్కేకొద్దీ పుష్యమాసంలో గాలి మారిపోతుంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ పల్లెల్లో తెల్లవారుజాము చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిన ఏడాదులున్నాయి. పొగమంచు పొద్దెక్కేదాకా విడవదు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏదో ఒక ఇంట్లో పెట్ట గుడ్లు పెట్టడం మానేసి, గూట్లోంచి లేవనని మొండికేస్తుంది. ఈకలు ఉబ్బించుకుని, గొంతు మార్చి గుర్రుమంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. పొదుగుకొచ్చిందన్నమాట. ఇప్పుడు దాని కింద గుడ్లు పెట్టాలా, చలి వెళ్ళేదాకా ఆగాలా?

ఈ ప్రశ్న మీద ఆ ఊళ్ళలో రెండు పక్షాలున్నాయి. ఒకటి చిన్నప్పటి నుంచి కోళ్ళతో బతికిన ఆడవాళ్ళది. రెండోది పశుసంవర్ధక కోర్సు చదివి, ఊరూరా టీకాలు తీసుకెళ్ళే కుర్రాళ్ళది. ఈ రెండు పక్షాల మాటల్నీ ఒక పెద్దమ్మ నోట, ఆమె చెల్లెలి కొడుకు నోట పెట్టి రాస్తున్నాను. నా మొగ్గు పెద్దమ్మ వైపే, దాచను. కానీ అబ్బాయి చెప్పేవాటిలో కొన్ని పెడచెవిన పెడితే పిల్లలు చస్తాయి. అందుకే అతని వాదాన్ని ఎక్కడా పలచన చేయలేదు.

అబ్బాయి: పెద్దమ్మా, నల్లపెట్ట కింద గుడ్లు పెడతానన్నావట. ఇప్పుడొద్దు. పొద్దున్నే నీళ్ళలో చెయ్యి పెట్టలేకపోతున్నాం. శివరాత్రి వెళ్ళనీ, అప్పుడు పెట్టుకుందువు గాని.

పెద్దమ్మ: శివరాత్రికి నువ్వు చెప్తే కూర్చుంటుందేటిరా అది? వరసగా గుడ్లు పెట్టింది, ఆపింది, ఇప్పుడు కూర్చుంది. ఈ పొదుగు పోగొడితే మళ్ళీ గుడ్లకొచ్చి, మళ్ళీ కూర్చునేసరికి ఎండలు ముదిరిపోతాయి.

అబ్బాయి: ముదిరితే ఏమైంది? ఎండాకాలం పిల్లకు వెచ్చదనం వెతుక్కోనక్కర్లేదు. పొదుగు మాన్పించడం కూడా కష్టం కాదు. అదంతా ప్రొలాక్టిన్ అనే హార్మోను పని. పొట్ట కింద గుడ్లు తగులుతున్నంతకాలం అది ఊరుతూనే ఉంటుంది. గుడ్లు తీసేసి, అడుగు నుంచి గాలి తగిలే తడిక మీద నాలుగు రోజులుంచితే దానంతట అదే దిగిపోతుంది.

పెద్దమ్మ: మా అమ్మకాలంలో నీళ్ళలో ముంచేవారు, ముక్కులోంచి ఈక దూర్చేవారు. ఆ పనులు నాకెప్పుడూ గిట్టలేదు. సరే, నీ తడికే మంచిదనుకో. ఎందుకు మాన్పించాలి? శివరాత్రికి పెడితే ఫాల్గుణంలో పిల్లలు దిగుతాయి. చైత్రం, వైశాఖం ఎండ మన కొండమీద కూడా తక్కువేం కాదు. గడ్డి ఎండిపోయి పురుగు దొరకదు. చెట్లకు ఆకుండదు, పైనుంచి గద్దకు అన్నీ కనిపిస్తాయి. అవన్నీ తప్పించుకున్నవి ఆషాఢం వానల్లో తడుస్తాయి, రక్తపారుడు పట్టుకుంటుంది. పుష్యంలో దిగిన పిల్ల అయితే ఎండలొచ్చేసరికి రెక్క వచ్చి, గద్ద నీడ చూసి పొదల్లో దూరడం నేర్చుకుని ఉంటుంది. వచ్చే సంక్రాంతికి ఏడాది పుంజు చేతికొస్తుంది.

అబ్బాయి: సంక్రాంతి రేటు సంగతి నాకూ తెలుసు. ముందు పిల్ల దిగాలి కదా. గుడ్డులో పిల్ల ఎదగాలంటే 37.5 డిగ్రీల వెచ్చదనం 21 రోజులు అందాలి. ఇరవై డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే ఎదుగుదల ఆగిపోతుంది. మన ఇంట్లో తెల్లవారుజామున అందులో సగం కూడా ఉండదు. పెట్ట లేచిన ప్రతిసారీ గుడ్లు ఆ చలిలో పడతాయి.

పెద్దమ్మ: ఎన్నిసార్లు లేస్తుందనుకున్నావు? రోజుకి ఒక్కసారి. పెద్ద రెట్ట వేసి, నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, కాస్త బూడిదలో పొర్లి వచ్చేస్తుంది. ఎండాకాలం అయితే తీరిగ్గా తిరుగుతుంది. చలికాలం దానికే తెలుసు, పావుగంటకి మళ్ళీ గంపలో ఉంటుంది.

అబ్బాయి: పావుగంట అయితే ఫర్వాలేదు. పెంకు చల్లబడినా లోపలికి చలి దిగడానికి సమయం పడుతుంది. రెండో వారం దాటాక పిల్ల కూడా కొంత వేడి పుట్టిస్తుంది. ఇంకో మాట కూడా నీకు చెప్పాలి, దాచడం ధర్మం కాదు. గుడ్డులో పిల్లకు కాసేపటి చలికన్నా కాసేపటి అతివేడే ఎక్కువ ప్రమాదం. రెండు మూడు డిగ్రీలు పైకి పోతే చచ్చిపోతుంది. కిందికి పోతే ఆగుతుంది, మళ్ళీ వెచ్చబడితే సాగుతుంది. కానీ మేతకెళ్ళిన పెట్టను కుక్క తరిమి, గంటా రెండు గంటలు రాలేదనుకో?

పెద్దమ్మ: అలా జరక్కుండా చూడడమే మన పని. తెల్లవారి లేవనివ్వకూడదు. గంప మీద ఇంకో గంప మూసి ఉంచుతాను. మిట్టమధ్యాహ్నం, వాకిట్లో ఎండ పడ్డాక, నేనే ఎత్తి కిందికి దింపుతాను. గింజలూ నీళ్ళూ పక్కనే ఉంటాయి. గింజంటే గింజే, జావలూ తడిపిన నూకలూ కాదు. పొదిగే కోడికి పలచటి రెట్ట పడితే గూడంతా పాడవుతుంది. చోళ్ళు, జొన్నలు, మొక్కజొన్నలు పెడితే ఒంట్లో వేడి నిలుస్తుంది. పొదిగినన్నాళ్ళూ అది సరిగ్గా తినదు, చిక్కిపోతుంది. చలిలో మరీను. అందుకే పేలు పట్టిన పెట్టనీ, ఎముకలు తేలిన పెట్టనీ పుష్యంలో కూర్చోబెట్టను. నల్లపెట్ట రొమ్ము చూడు, కండ నిండుగా ఉంది.

అబ్బాయి: పెట్ట సంగతి సరే, గుడ్ల సంగతి చూడు. పుష్యంలో పగలు పదకొండు గంటలే. వెలుతురు తగ్గితే గుడ్లు తగ్గుతాయి. రెండు రోజులకో గుడ్డు పెట్టింది కదా ఇది. నువ్వు దాచినవాటిలో మొదటి గుడ్డుకి మూడు వారాలు దాటి ఉంటుంది. వారం, పది రోజులు దాటిన గుడ్డులో పిల్ల దిగే ఆశ రోజురోజుకీ తగ్గిపోతుంది.

పెద్దమ్మ: మొదట పెట్టినవి కూర వండుకున్నాం. చివరి వారంవే దాచాను. తక్కువైనవి పక్కింట్లో అడిగి తెచ్చాను. వాళ్ళ పుంజు మంచిది. చోళ్ళ కుండలో, సన్న మొన కిందికి పెట్టి దాచాను.

అబ్బాయి: కుండ ఎక్కడుంది?

పెద్దమ్మ: వంటింట్లో అటక కింద.

అబ్బాయి: పొయ్యి గదిలో పదిహేను డిగ్రీలు ఉంటుందేమో, గుడ్డు దాచడానికి అదే సరైన చల్లదనం. పొయ్యికి మరీ దగ్గర కాకుండా చూడు. ఇక్కడ మాత్రం నీ పుష్యమే గెలిచింది, పెద్దమ్మా. పెట్ట కడుపులోంచి బయటపడేనాటికే గుడ్డులో పిల్ల వేల కణాలుగా మొదలై ఉంటుంది. చల్లగా ఉంటే అలాగే నిద్రపోతుంది. వైశాఖంలో ఇంట్లో ముప్పై అయిదు డిగ్రీలుంటే నిద్రపోదు, కొంచెం ఎదుగుతుంది, రాత్రికి ఆగుతుంది, మళ్ళీ ఎదుగుతుంది. పెట్ట కిందికి వెళ్ళేలోపే చచ్చిపోతుంది. ఎండాకాలం గుడ్లు మురిగిపోయాయని అందరూ అనేది అందుకే. కానీ రాత్రంతా బయట గూట్లో ఉండిపోయిన గుడ్డు పొదుగుకి పనికిరాదు. పది డిగ్రీల లోపు చలిలో ఎక్కువ సేపు ఉంటే ఆ నిద్ర నుంచి అది లేవదు.

పెద్దమ్మ: పెట్టినవి పెట్టినట్టే తీసుకొస్తాను. పదమూడు ఉన్నాయి, అన్నీ పెట్టేస్తాను.

అబ్బాయి: పదమూడా? తొమ్మిది. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

పెద్దమ్మ: ఏటిరా, ఈ పెట్ట పదమూడు గుడ్లు మొన్న కార్తీకానికి ముందు కూడా పొదిగింది. పదకొండు పిల్లలు దిగాయి.

అబ్బాయి: అప్పుడు చలి లేదు. ఎక్కువైన నాలుగు గుడ్లు పోతే నాలుగే కదా పోయేవి అనుకుంటున్నావు. అలా జరగదు. పెట్ట గుడ్లను రోజంతా తిప్పుతూనే ఉంటుంది. ముక్కుతో అంచున ఉన్నదాన్ని లోపలికి లాగుతుంది, లోపలిది అంచుకి పోతుంది. పొట్ట కింద ఈకలు పలచబడి వేడి చర్మం గుడ్డుకి తగిలే చోటు కొంతే. పదమూడు పెడితే ఏ పూటైనా నాలుగు గుడ్లు రెక్క అంచున చలి తింటుంటాయి. ఈ పూట నాలుగు, రేపు వేరే నాలుగు. మూడు వారాల్లో పదమూడూ వంతులవారీగా చలి తింటాయి. ఆఖరికి పిల్లలు నాలుగు తగ్గవు, సగానికి సగం పోతాయి. ఇరవై ఒకటో రోజు దిగాల్సినవి ఇరవై మూడుకి దిగి, కాళ్ళు నిలవక పడిపోతాయి.

ఇక్కడ నేను కాస్త ఆగాలి. చలికాలపు పొదుగులో ఎక్కువ నష్టం జరిగేది ఈ ఒక్క చోటే అని నా నమ్మకం. చలి కోడిని ఓడించదు. దాని ఒంట్లో నలభై ఒక్క డిగ్రీల వేడి ఉంటుంది, మంచు కురిసినా అది తగ్గదు. తగ్గేది ఆ వేడి కప్పగలిగే మేర. రెక్కలు వెడల్పు చేసి చతికిలబడితే వేసవిలో పదమూడు గుడ్ల మీదకు వచ్చే మేర చలిలో తొమ్మిదింటికే వస్తుంది. ఒక దుప్పటి కింద ఎంతమంది పడుకోవచ్చన్నది బయట చలిని బట్టి మారినట్టే. మిగిలిన నాలుగు గుడ్లను చూసి ఆశపడితే పెట్ట వాటిని వదిలేయదు. దానికి లెక్క రాదు, అన్నింటినీ సమానంగా చూస్తుంది, అందువల్ల అన్నింటికీ తక్కువ అందుతుంది. పెద్దమ్మ ఈ మాట ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.

పెద్దమ్మ: అంచున ఉన్నవి లోపలికి లాగడం నేను చూడలేదా? రోజూ చూస్తాను. కానీ అది చల్లబడినదాన్ని వెచ్చబెట్టడానికి లాగుతుందనుకున్నాను.

అబ్బాయి: అదీ నిజమే. తిప్పకపోతే పిల్ల పెంకు పొరకు అతుక్కుపోతుంది కూడా. కానీ ఒకటి వెచ్చబడితే ఇంకొకటి చల్లబడుతుంది కదా.

పెద్దమ్మ: సరే, తొమ్మిదే అనుకో. గూడు చెప్తాను విను. నేల మీద పెట్టను, చలి అడుగు నుంచి వస్తుంది. వెదురు గంపలో ఊక పోసి, దాని మీద వరిగడ్డి నలిపి, మధ్యలో గిన్నెలా గుంట చేసి, ఎత్తుగా గోడవారన పెడతాను. అడుగున బూడిద చల్లుతాను పేలు పట్టకుండా. వేపాకు కూడా. ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు పెడతాను ఉరుములకు గుడ్లు చెడకుండా.

అబ్బాయి: పుష్యంలో ఉరుములెక్కడివి?

పెద్దమ్మ: ఉంటే ఉండనీరా, మేకు నీకేం అడ్డం?

అబ్బాయి: నాకు అడ్డం లేదు. బూడిద పలచగా, గడ్డి కింద మాత్రమే ఉండాలి. మరీ ఎక్కువైతే గూట్లో తేమ లాగేస్తుంది. గుడ్డు పొదిగిన మూడు వారాల్లో తన బరువులో ఎనిమిదో వంతు దాకా నీటి ఆవిరిగా వదులుకుంటుంది. మరీ వదిలితే లోపలి పొర గట్టిపడి పిల్ల చీల్చుకురాలేదు.

పెద్దమ్మ: పద్దెనిమిదో రోజుకి గోరువెచ్చటి నీళ్ళలో గుడ్లు వేసి చూస్తాను. బతికిన గుడ్డు నీళ్ళలో అటూ ఇటూ కదులుతుంది, చచ్చింది ఊరికే తేలుతుంది.

అబ్బాయి: ఆ పని మాత్రం మానెయ్యి. పెంకులో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, పిల్ల ఊపిరి వాటిలోంచే. నీళ్ళు చల్లారి గుడ్డు ముడుచుకుంటే పైనున్న మురికిని రంధ్రాల్లోంచి లోపలికి లాగుతుంది. నీ వేళ్ళల్లోంచి జారితే ఆ గుడ్డు పోయినట్టే. ఏడో రోజు రాత్రి చీకట్లో సెల్‌ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూడు. నెత్తురు దారాలు అల్లుకుని మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటే పిల్ల ఉన్నట్టు. తేటగా ఉంటే వట్టి గుడ్డు, తీసెయ్యి. తీసేస్తే మిగిలినవాటికి పొట్ట కింద చోటు దొరుకుతుంది. చలికాలంలో ఆ చోటుకి విలువెక్కువ.

పెద్దమ్మ: అది బాగుంది. అప్పుడు తీసిన గుడ్డు పారెయ్యనక్కర్లేదు, పిల్లలు దిగాక ఉడికించి నలిపి వాటికే పెట్టొచ్చు.

అబ్బాయి: సెల్‌ఫోను అవసరమే లేకుండా ఇంకో దారుంది. గుడ్లు నాకివ్వు. మా సెంటరు దగ్గర ఒకాయన థర్మాకోలు పెట్టెలో ఇంక్యుబేటరు పెట్టాడు. వేడి, తేమ అన్నీ మీటరు చూపిస్తుంది. పెట్టను మళ్ళీ గుడ్లకు తిప్పుకోవచ్చు. దేశవాళీ పెట్ట ఏడాదికి యాభై, అరవై గుడ్లు పెట్టడమే గొప్ప. ఎందుకు? పొదగడానికి మూడు వారాలు, పిల్లల్ని తిప్పడానికి రెండు నెలలు, మళ్ళీ అదే. ఏడాదిలో సగం గుడ్లు పెట్టకుండానే గడిచిపోతుంది.

పెద్దమ్మ: పెట్టెకి కరెంటు కావాలి కదరా. నిన్న రాత్రి ఎంతసేపు పోయింది?

అబ్బాయి: రెండు గంటలు.

పెద్దమ్మ: గాలివాన కొట్టి స్తంభం పడితే రెండు రోజులు. నా పెట్టకి స్తంభంతో పని లేదు. సరే, పెట్టెలో దిగాయనుకో. దిగిన పిల్లల్ని ఎవరు చూస్తారు? వాటికి కొక్కొక్కుమని గింజ చూపించేదెవరు, గద్ద వస్తే రెక్క కిందకి పిలిచేదెవరు?

అబ్బాయి: అందుకే వనరాజ, గ్రామప్రియ తెచ్చారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో పెట్టిన కోళ్ళ పరిశోధన కేంద్రం వాటిని పెరటి కోసమే తయారు చేసింది. వనరాజ వందకు పైగా గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ఇంకా ఎక్కువ. పొదుగుకి రాదు, అందుకే అన్ని పెడుతుంది. పిల్లల్ని కొని తెచ్చుకుని నెల, నెలన్నర వెచ్చగా పెంచి వదిలేయడమే.

పెద్దమ్మ: తెచ్చారు కదా మన ఊరికి కూడా. గుడ్లు బాగా పెట్టాయి, నేను కాదనను. అవి ముసలివయ్యాక? మళ్ళీ కొనాలి. వాటి గుడ్లు నల్లపెట్ట కింద పెడితే తల్లిలాంటివే దిగుతాయా?

అబ్బాయి: దిగవు. రెండు మూడు జాతులు కలిపి చేసిన కోడి అది. రెండో తరానికి ఆ గుణాలు చెదిరిపోతాయి.

పెద్దమ్మ: చూశావా మరి. ఈ కొండమీద పొదిగే కోడి లేకుండా పోతే, ప్రతి ఏడూ కింద నుంచి ఎవరో పిల్లల్ని పంపితేనే మన పెరట్లో కోడి. ఒక ఏడు లారీ రాకపోతే? నాకు యాభై గుడ్లే చాలు. ఆ యాభై గుడ్లలోంచి రేపటి కోడిని కూడా నా ఇంట్లోనే తీస్తుంది ఇది.

పెద్దమ్మ వాదంలో నాకు అన్నింటికన్నా బలంగా కనిపించేది ఇదే. గుడ్ల లెక్కలో వనరాజ ముందుంటుంది, అందులో వాదన లేదు. పొలం మీద కూలి, కోడిగుడ్డు అమ్మిన డబ్బు, ఆ రెండే ఆధారమైన ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు. కానీ పొదుగు గుణాన్ని ఏరి పారేస్తూ వచ్చిన కోళ్ళే ఇప్పుడు ఫారాల నిండా ఉన్నాయి. తెల్ల లెగ్‌హార్న్ దాదాపుగా కూర్చోవడమే మరిచిపోయింది. ఆ గుణం గట్టిగా మిగిలి ఉన్నది మన ఊరికోళ్ళలో, అసీల్ పెట్టల్లో. అసీల్ పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది గాని పొదుగులో కదలదు. బాతు గుడ్లు కింద పెడితే ఇరవై ఎనిమిది రోజులు కూడా ఓపిగ్గా కూర్చుంటుంది. ఊరికి అలాంటివి నాలుగైనా ఉండాలి. కరెంటు, లారీ, మార్కెట్టు అన్నీ సవ్యంగా నడిచే రోజుల్లో వాటి విలువ ఎవరికీ కనపడదు. అవి లేకుండా పోయాక ఏ లారీ వాటిని తేలేదు.

అబ్బాయి: గుడ్డు దాకా నేను తగ్గుతాను పెద్దమ్మా. పెట్ట కింద ఉన్నన్నాళ్ళూ చలి పెద్ద శత్రువు కాదు, గుడ్లు తక్కువ పెడితే. పిల్ల దిగాకే నా అసలు భయం. మొదటి వారం పిల్లకి ముప్పై అయిదు డిగ్రీలు కావాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. వచ్చేది మెత్తటి నూగే, అసలు ఈకలు నాలుగో వారానికి గాని రావు. ఒంట్లో వేడిని తనంతట తాను నిలుపుకోలేదు.

పెద్దమ్మ: తల్లి లేదా?

అబ్బాయి: తల్లే తెల్లవారుజామున మంచు గడ్డిలోకి తీసుకెళ్ళి చంపుతుంది. చలి ఒక్కటీ పిల్లను చంపదు, తడి తోడైతే చంపుతుంది. నూగు తడిస్తే ఇక వేడి నిలవదు. పొద్దున్న ఆరింటికి తలుపు తీస్తావు, పెట్ట ఆకలి మీద పరిగెత్తుతుంది, పిల్లలు వెనకాల. తొమ్మిదింటికి చూస్తే ఎక్కడో గట్టు మీద రెండు బిగుసుకుపోయి ఉంటాయి.

పెద్దమ్మ: అది నిజం. పోయిన ఏడు వెనకింటి వాళ్ళవి అలాగే పోయాయి. నేను పది రోజులు గంప కిందనే ఉంచుతాను. మంచు విడిచి, ఎండ గడ్డి ఆరబెట్టాక వదిలి, సాయంత్రం నీడ పడకముందే మళ్ళీ మూసేస్తాను. నూకలు, చోళ్ళు లోపలే. చెదలు పట్టడానికి పాత కుండలో పేడ, గడ్డి కుక్కి బోర్లించి పెడతాను. తెల్లారి కుండ ఎత్తితే పిల్లలకి దానికి మించిన మేత లేదు.

అబ్బాయి: మొదటి రోజే మేత పెట్టాలని కంగారు పడకు. పిల్ల కడుపులో పచ్చసొన ఇంకా ఉంటుంది, రెండు రోజులు దానికి అదే ఆహారం. అన్నీ దిగేదాకా పెట్టను లేపకు. ముందు దిగిన పిల్లలు అరుస్తున్నాయని దింపేస్తే పెట్ట వాటితో వచ్చేస్తుంది, పెంకు పగలగొడుతున్నవి గూట్లోనే చల్లబడి పోతాయి. పగుల్లోంచి పిల్లను గోటితో లాగకు కూడా. నెత్తురు ఇంకా పొరలోనే ఉంటుంది.

పెద్దమ్మ: అది ఎప్పుడూ చెయ్యను. రాత్రిళ్ళు గంప పక్కన కుంపటి పెడతాను, నాలుగు బొగ్గులు రాజేసి.

అబ్బాయి: వద్దు పెద్దమ్మా, అది మాత్రం వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గు కుంపటి పెడితే వాసన లేని విషవాయువు పుడుతుంది. పిల్లలే కాదు, అదే గదిలో పడుకున్న నువ్వూ లేవవు. చలికాలంలో ఇలా కుటుంబాలే పోయాయి. వెచ్చదనం కావాలంటే ఇసుక పోసిన కుండ పొయ్యి మీద వేడి చేసి, గోనెసంచి చుట్టి గంప పక్కన పెట్టు. తెల్లారేదాకా వెచ్చగానే ఉంటుంది.

పెద్దమ్మ: ఇసుక కుండా... సరే, అదే పెడతాను.

అబ్బాయి: ఇక టీకా. ఇందులో నేను వెనక్కి తగ్గను. చలి తప్పించుకున్న పిల్లల్ని కొక్కెర తెగులు ఊడ్చేస్తుంది. మన దేశంలో 1927లో రాణిఖేత్‌లో మొదట గుర్తించారు, అప్పటినుంచి ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేస్తోంది. వచ్చాక మందు లేదు. అయిదు నుంచి ఏడో రోజు మధ్యలో కంట్లో లసోటా చుక్క, నెల రోజులకి మళ్ళీ ఒకసారి, ఎనిమిదో వారం ఆర్ టూ బీ సూది. అంతే.

పెద్దమ్మ: వెయ్యమనే చెప్తాను. నువ్వే వెయ్యవు. ఎప్పుడడిగినా తొమ్మిది పిల్లల కోసం సీసా పగలగొట్టలేనంటావు.

అబ్బాయి: సీసాలో వంద, రెండొందల పిల్లలకు సరిపడా ఉంటుంది. ఒకసారి నీళ్ళు కలిపితే ఒకటి రెండు గంటల్లో వాడేయాలి, అంతసేపూ ఐసు మీదే ఉండాలి. తొమ్మిదింటి కోసం తెరిస్తే మిగతాదంతా పారబోయడమే. అందుకే నా మాట ఒకటి విను. ఈ వీధిలో ఇంకెవరి పెట్టలు పొదుగుకొచ్చాయి?

పెద్దమ్మ: కింద మూడిళ్ళలో కూర్చున్నాయి. చివరింటిది నాలుగు రోజుల కింద పెట్టేసింది.

అబ్బాయి: ఆ చివరిది పోనీ. మిగతా వాళ్ళని ఆగమను. వాళ్ళ పెట్టల కింద పాత గుడ్లు రెండు మూడు ఉంచితే లేవకుండా కూర్చునే ఉంటాయి. ఈలోపు మంచి గుడ్లు కూడతాయి. అందరూ ఒకే సాయంత్రం పెడితే అన్నీ ఒకేసారి దిగుతాయి. ఒక్క సీసాతో అన్నిళ్ళకీ చుక్క వేసేస్తాను. ఒకరికి రెండే దిగితే, ఆ రాత్రే చీకట్లో ఇంకో పెట్ట రెక్కకింద పెట్టేయొచ్చు, తల్లికి తేడా తెలియదు.

పెద్దమ్మ: ఈ బుద్ధి ముందే చెప్పొచ్చు కదరా. చలి, డిగ్రీలు అంటూ ఇంతసేపు... ఆడవాళ్ళం మేం చెప్తే వింటారు. ఆదివారం సాయంత్రం పెట్టేద్దాం. రాత్రికి పెడితేనే పెట్ట కుదురుగా కూర్చుంటుంది.

అబ్బాయి: ఆదివారం పెడితే మూడు వారాలకి ఆదివారమే దిగుతాయి. చలికి ఒక రోజు అటూ ఇటూ. ఆ తర్వాతి శనివారం ఐసు పెట్టెతో వస్తాను. ఇంకొక్కటి. మూడు వారాలు దాటాక పిల్లల్ని వేరు చెయ్యి. పెట్ట తొందరగా మళ్ళీ గుడ్లకొస్తుంది.

పెద్దమ్మ: మాఘంలో మూడు వారాల పిల్లల్ని వేరు చేస్తే రాత్రి వెచ్చదనం ఎవరిస్తారు?

అబ్బాయి: బల్బు వేలాడదీద్దాం.

పెద్దమ్మ: స్తంభం సంగతి మళ్ళీ మొదటికొచ్చింది. నేను వేరు చెయ్యను. పిల్లలు పెద్దవయ్యాయనుకున్న రోజు పెట్టే పొడిచి తరిమేస్తుంది. అదే కొలత.

అబ్బాయి: దానికి రెండు నెలలు పడుతుంది. ఉగాది దాకా నీకు గుడ్డు ఉండదు.

పెద్దమ్మ: ఉండకపోతే పక్కింట్లో అడుగుతాను. ఈ చలిలో దిగిన పిల్లలు ఏడు పైకొస్తే ఆ గుడ్ల డబ్బు ఎంతరా?

అబ్బాయి: ఆ లెక్క మనకి ఎప్పటికీ కుదరదు పెద్దమ్మా. సరే. గుడ్లు మాత్రం తొమ్మిది దాటించకు.

పెద్దమ్మ: పక్కింటి పెట్టవి చిన్న గుడ్లు. అవి అయితే పది పెడతాను.